ఖాళీ బుట్టతో దర్జాగా ఇంటికి రావడం ఎలా?

సంక్రాంతి వెళ్లిపోయింది. చలి మాత్రం వెళ్లలేదు, అది శివరాత్రికి శివశివా అంటూ పోవాల్సిందే. మిరపచేను రెండో కోతకొచ్చింది. మొదటి కోత కాయ కల్లంలో ఎండుతోంది. పత్తిచేలో ఏరగా మిగిలిన గుల్లలు వేలాడుతున్నాయి, కట్టె పీకి తగలెయ్యాలి. ఇంత పని ఒక్కసారిగా నెత్తిన పడే రోజులు ఏడాది మొత్తంలో ఇవే. కాబట్టి గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతు చేపలకు వెళ్లి తీరాల్సిన రోజులు కూడా ఇవే.

మల్లవరం దగ్గర గుండ్లకమ్మ రిజర్వాయరు 2008లో మొదలైంది. అప్పటినుంచీ ఏటా మాఘమాసంలో ఆ గట్టు మీద కూర్చుంటున్నాను. ఇంతవరకు రెండు పరిగెలు, ఒక ఎడమకాలి చెప్పు పట్టాను. చేపలు పట్టడం ఎవరైనా నేర్పుతారు. ఏమీ పట్టకుండా ఏళ్ల తరబడి వేటగాడన్న పేరు నిలబెట్టుకోవడం నేర్పేవాళ్లు అరుదు. ఈ చిట్కాలు అందుకే. వరసగా పాటించండి. ఒక్కటి వదిలేసినా చేప పడే ప్రమాదం ఉంది.

బయల్దేరే ముందు

1. ముహూర్తం కూలీలను బట్టి పెట్టండి. మిరపకోతకు ముఠా దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్లు ఎవరి చేలో దిగితే వాళ్లదే అదృష్టం. "రేపు మీ చేలోకే వస్తున్నాం" అని మేస్త్రి కబురు పెట్టిన సాయంత్రమే గాలం దులపండి. చేలో మన మనిషి ఉండొద్దా అని ఇంట్లో అంటే, "నీకంటే కాయ తెలిసినవాళ్లు ఈ ఊళ్లో ఎవరున్నారే?" అనండి. పొగడ్తకు కూలి ఇవ్వక్కర్లేదు.

2. వారం చూసుకోండి. ఇంట్లో నీచు ముట్టని రోజు ఏదో కనుక్కోండి. సోమవారమో శనివారమో అయితే మేలు. శివరాత్రి అయితే ఇక తిరుగులేదు. ఆ రోజు చేప తెస్తే పాపం, తేకపోతే భక్తి. ఊరు ఊరంతా ప్రభల వెంట కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్తుంది కాబట్టి గట్టు మీద మిమ్మల్ని చూసేవాడూ ఉండడు. పగలంతా అక్కడ నిద్రపోతే రాత్రి జాగారం చాలా తేలిగ్గా జరుగుతుంది.

3. గాలపు కర్రకు పత్తికట్టె వాడండి. సన్న వెదురు వంగుతుంది, చేప గుంజినా ఆ లాగుడును తాను ఓర్చుకుంటుంది. పని తెలిసినవాళ్లు వెదురు వాడేది అందుకే. పత్తికట్టె వంగదు, పుటుక్కున విరుగుతుంది. ఆ విరిగిన కర్రే రేపు ఇంట్లో మీ సాక్ష్యం. పైగా "పత్తికట్టె పీకావా?" అని అడిగితే అబద్ధం ఆడక్కర్లేదు. ఒకటి పీకారు కదా. కట్టె చేలోనే వదిలేస్తే మిగిలిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని వచ్చే పైరుకు ఎక్కుతుందని వ్యవసాయశాఖ వాళ్లు ఏటా మొత్తుకుంటారు. ఎక్కనివ్వండి. పైఏడు కూడా చేపలకు వెళ్లిపోవాలనిపించేంత చికాకు చేలో ఉండాలి కదా.

4. దారం లావుగా ఉండాలి. వానాకాలం ఏరు ఎర్రగా, బురదగా వస్తుంది. మాఘానికి మట్టి అడుక్కి దిగి నీరు తేటపడుతుంది. తేట నీళ్లలో చేపకు చూపు బాగా ఆనుతుంది, దారం కంటపడితే ఎర దగ్గరికి రాదు. అందుకే ఈ రోజుల్లో సన్నటి నైలాన్ దారం కట్టాలంటారు. మీరు మిరప టిక్కీలు కుట్టే పురికొస తీసుకోండి. ఇంట్లో ఉండలకు ఉండలు ఉంది, డబ్బు దండగ ఎందుకు? కోత అయ్యాక టిక్కీలు కుట్టడానికి పురికొస లేకపోతే ఆ పనీ వాయిదా పడుతుంది. ఒక దారంతో రెండు పనులు తప్పించుకున్నట్టు.

5. ఎర దండిగా పెట్టండి. మామూలువాళ్లు తవుడు, వేరుశనగ చెక్క, మైదా కలిపి ముద్ద చేస్తారు, లేదా వానపామును గుచ్చుతారు. చలికి చేప మందకొడిగా ఉంటుంది. గోళీ కంటే చిన్న ముద్ద అయితే నోట వేసుకుంటుంది, పెద్దదైతే వాసన చూసి పక్కకు పోతుంది. మనం పిసినారులం కాదు, నిమ్మకాయంత ముద్ద పెడదాం. అందులో తేజ కారం గుప్పెడు కలపండి. గుంటూరు యార్డు సరుకు దేశదేశాలకు పోతుంటే ఊళ్లో చేపకు రుచి చూపించకపోవడం అన్యాయం. పులుసులో వేసే కారం ముందే కడుపులో పడుతుంది కూడా. కలిపిన చేత్తో కళ్లు నులుముకోండి. కళ్లు ఎర్రబడితే తెల్లవార్లూ గాలం కాశారని ఇంట్లో నమ్ముతారు.

గట్టు మీద

6. తెల్లవారుజామున నాలుగింటికే వెళ్లండి. చేప ఒంటికి సొంత వేడి ఉండదు. నీరు చల్లబడితే అదీ చల్లబడుతుంది, కదలిక తగ్గుతుంది, ఆకలి చచ్చిపోతుంది. బొచ్చె, శీలావతి లాంటివి నీరు 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు చురుగ్గా మేస్తాయి. ఈ నెలలో ఎండ బాగా ఎక్కి, గట్టువార నీరు వెచ్చబడి, పదకొండు దాటాక గాని వాటికి మేత మీద మనసు పోదు. ఆ తర్వాత మూడింటి దాకా మేస్తాయి. ఈ లెక్క బాగా గుర్తుపెట్టుకుని, పదకొండుకు అయిదు నిమిషాల ముందు సామాను సర్దెయ్యండి. "ఇవాళ మేత లేదు బావా" అని పక్కవాడికి చెప్పి హైవే మీద హోటలుకు వెళ్లండి. నాలుగింటికే లేచిన మనిషిని బద్ధకస్తుడని ఎవరూ అనలేరు.

7. కార్తీకంలో కూర్చున్న రాయి మీదే కూర్చోండి. అప్పుడు నీళ్లు నిండుగా ఆ రాయిని తాకుతూ ఉండేవి. ఇప్పుడు రబీ పైర్లకు, ఒంగోలు తాగునీటికి తోడగా తోడగా నీరు వెనక్కి జరిగి ఉంటుంది. నీరు తగ్గేకొద్దీ చేప గట్టు వదిలి లోతుకు, అంటే రిజర్వాయరు కింద మునిగిన పాత ఏటి పాయలోకి దిగుతుంది. అది జరిగిందని మీరూ జరిగితే మీ పరువేం కాను? మీ రాయి మీ రాయే. ముందున్న మోకాలిలోతు నీళ్లలో గాలం వెయ్యండి. చేప పడదు గాని కాళ్లు కడుక్కోవడానికి వీలుగా ఉంటుంది.

8. నీడ పట్టున చేరండి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు కాబట్టి ఉత్తరపు గట్టువార పలచటి నీళ్లకు ఎండ నేరుగా తగిలి అవి ముందు వెచ్చబడతాయి. గాలి ఎటు తోస్తే వెచ్చటి పైనీరు అటు చేరుతుంది, దాని వెంట చేప చేరుతుంది. మీరు దక్షిణపు గట్టున సర్కారు తుమ్మ కింద దుప్పటి పరుచుకోండి. ముల్లు గుచ్చుకుంటే ఇంకా మంచిది. కుంటుతూ ఇంటికి వెళ్లేవాణ్ణి సగం ప్రశ్నలే అడుగుతారు.

9. ఏ చేప ఎక్కడ మేస్తుందో తెలుసుకోండి, తెలుసుకుని తప్పుగా వెయ్యండి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పైనీళ్లలో మేస్తుంది. శీలావతి నడిమి నీళ్లలో తిరుగుతుంది. ఎర్రమోసు అడుగున బురద కెలుక్కుంటుంది. ఒకదాని కంచంలో ఒకటి చెయ్యి పెట్టవు కాబట్టే చెరువుల్లో మూడింటినీ కలిపి పెంచుతారు. తెలిసినవాడు కావలసిన చేపను బట్టి బెండును పైకీ కిందికీ జరుపుకుంటాడు. మీరు బొచ్చె కోసం వచ్చానని అందరికీ చెప్పి గాలం అడుక్కి దింపండి. ఏదైనా తగిలితే "మోసు అయి ఉంటుంది, దానికోసం రాలేదు" అని దారం వదిలెయ్యండి. మీ స్థాయి పెరుగుతుంది.

10. కొర్రమీను కనపడితే పదిమందికీ చూపించండి. దానికి పైగాలి కూడా కావాలి, నీళ్లపైకి వచ్చి గుటుక్కున గాలి మింగి దిగుతుంది. తూటికాడ, గుర్రపుడెక్క అంచుల్లో నీరు చిన్నగా సుడి తిరిగితే అదే. పని తెలిసినవాడు నోరు మూసుకుని ఆ సుడి పక్కన చిన్న కప్పను గాలానికి గుచ్చి జారవిడుస్తాడు. మీరు "అదిగో! కొర్రమీను!" అని కేకవేసి, సరిగ్గా ఎక్కడో తెలిసేలా ఒక రాయి విసరండి.

11. ఫోన్‌లో పాటలు పెట్టండి. చేప ఒంటికి రెండు పక్కలా తల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది. నీళ్లలో పుట్టే చిన్న అదురును కూడా దాంతో పసిగడుతుంది. కాబట్టి ఫోన్ రాయి మీద బోర్లా పెట్టండి, రాయి కూడా పాడుతుంది. బండి నీళ్ల అంచు దాకా తెచ్చి ఆపండి, మధ్యమధ్యలో బ్యాటరీ దిగిపోతుందేమోనని స్టార్ట్ చేస్తూ ఉండండి. ఇంటినుంచి ఫోన్ వస్తే వినపడలేదని చెప్పడానికి పాటలే కారణం.

12. బెండు పూర్తిగా మునిగేదాకా కదలకండి. వానాకాలపు చేప ఎరను లాక్కుపోతుంది, బెండు బుడుంగున మునుగుతుంది. చలికాలపు చేప ఎరను పెదవులతో తాకి, చప్పరించి, నచ్చకపోతే ఉమ్మేస్తుంది. అప్పుడు బెండు మునగదు, కొద్దిగా వణుకుతుంది, లేదా ఒక పక్కకు ఒరుగుతుంది. అంతే. ఆ వణుకును చూసి కర్ర ఎత్తాలంటే కళ్లార్పకుండా కూర్చోవాలి. మనం పుట్టింది అందుకా? తువ్వాలు ముఖం మీద కప్పుకుని, "మునిగితే లేపరా" అని పక్కనున్న పిల్లాడికి చెప్పి పడుకోండి. వాడు బడి ఎగ్గొట్టి వచ్చినవాడైతే మరీ నమ్మకస్తుడు.

13. సొసైటీ జాలర్లకు సలహాలివ్వండి. లైసెన్సు కట్టి వేటాడేది, వలలు బాగుచేసుకుంటూ బతికేది వాళ్లే. లైసెన్సు ఏదని మిమ్మల్ని అడిగితే "మాది పక్కూరే" అనండి. అది లైసెన్సు కాదని వాళ్లంటే "మా పొలానికి నీళ్లొచ్చేది ఈ గట్టు నుంచే" అనండి. ఆ తర్వాత వల ఎలా విసరాలో చెప్పండి. వాళ్లలో ఒక పెద్దాయన ఉంటాడు. పదకొండింటికి తెప్ప మీద పాత ఏటి పాయ వైపు వెళ్తాడు, మూడింటికి వచ్చేస్తాడు, ఎవరితోనూ మాట్లాడడు. ఆయనకైతే రెండుసార్లు చెప్పండి.

ఇంటికి వచ్చేటప్పుడు

14. సాకును ముందే ఎంచుకోండి. దారిలో అల్లిన సాకు అతుకులు కనిపిస్తుంది. నా దగ్గర నలిగినవి నాలుగున్నాయి.

గేటు సాకు: గుండ్లకమ్మ రిజర్వాయరు మూడో గేటు 2022 ఆగస్టు చివర కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను తర్వాత రెండో గేటు కొట్టుకుపోయింది. నీళ్లతోపాటు చేపా సముద్రం పాలైంది. నిజంగా మునిగింది సొసైటీ జాలర్లూ ఆయకట్టు రైతులూ అనుకోండి, సాకు మాత్రం మనకు మిగిలింది. "ఆ గేట్లతో పోయిన చేప మళ్లీ రాలేదే" అని నిట్టూర్చండి. పల్నాడు వైపు మిత్రులు పులిచింతల వాడుకోండి, అక్కడ 2021 ఆగస్టు 5న 16వ గేటు పోయింది. గేటు బాగుచేసినా సాకు చెడిపోదు.

కంభం సాకు: గుండ్లకమ్మ ఏరు నల్లమలలో పుట్టి మల్లవరం రాకముందే కంభం చెరువులో ఆగుతుంది. విజయనగర రాజుల కాలంలో రెండు కొండల మధ్య కట్ట వేసి నిలిపిన చెరువది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దాన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. "అంత పేరున్న చెరువు వదిలి చేప ఇక్కడికెందుకొస్తుంది?" అనండి. ఇది చదువుకున్న అల్లుళ్ల దగ్గర బాగా పనిచేస్తుంది.

మొసలి సాకు: ఇది సాగర్ వెళ్లినవాళ్లకే చెల్లుతుంది. మాచర్ల పక్కన ఎత్తిపోతల దగ్గర మొసళ్ల పెంపకం కేంద్రం ఉంది కాబట్టి విన్నవాళ్లు నమ్ముతారు. మల్లవరానికి ఆ అదృష్టం లేదు.

నిషేధం సాకు: దీన్ని దాచుకోండి. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు సముద్రంలో వేట నిషేధం. మాఘంలో చెబితే నవ్వుతారు, ఏరుకూ సముద్రానికీ తేడా తెలియదా అని కూడా అడుగుతారు.

15. చేప కొనదలిస్తే కోయించే తీసుకురండి. పొలుసు తీయించి, ముక్కలు కొట్టించి, కొట్టు పేరున్న కవరులో వేయించుకుని, "ఇప్పుడే గాలానికి పడింది" అని వంటింటి గడప మీద పెట్టండి. ముక్కల మధ్య ఐసు ఉంటే "నీళ్లు అంత చల్లగా ఉన్నాయి" అనండి. నేను ఒకసారి ఇంకా తెగించి ఒంగోలు మార్కెట్లో వంజరం కొన్నాను, ముళ్లు తక్కువని. మా ఆవిడ పుట్టిల్లు కొత్తపట్నం, సముద్రం ఒడ్డు. చేపను ఒకసారి, నన్ను ఒకసారి చూసి, "ఇది ఉప్పునీళ్ల నుంచి గేటెక్కి వచ్చిందా?" అంది. పులుసు మాత్రం బాగా కుదిరింది.

16. తప్పిపోయిన చేపను ఏటేటా పెంచండి. దొరికిన చేపకు కాటా ఉంటుంది, తప్పిపోయినదానికి ఉండదు. మొదటి ఏడు మూర అనండి. రెండో ఏడు బార. మూడో ఏడు చేతులు చాపడం మానేసి, పత్తికట్టె విరిగిన ముక్క చూపించి ఊరుకోండి. మాట్లాడని మనిషి చేప ఇంకా పెద్దది.

17. కల్లం సంగతి పూర్తిగా మర్చిపోండి. ఈ నెలలో ఎండు కాయకు శత్రువు వాన కాదు, మంచు. ఎండ వాలగానే కాయ కుప్పచేసి పట్టా కప్పాలి, పొద్దున మంచు విడిచాక తీసి పలచగా నెరపాలి. తడి తగిలిన కాయ రంగు పోయి, తెల్లబడి, తాలవుతుంది. యార్డులో తాలుకు మేలు కాయ ధరలో సగం రావడమూ కష్టమే. పట్టా లాగాలంటే ఇద్దరు కావాలి, ఒక కొసకు ఒకరు, రెండో కొసకు ఒకరు. మీరు చీకటి పడ్డాకే ఊళ్లో అడుగుపెట్టండి. అప్పటికి ఆవిడ ఒక్కతే లాగి లాగి సగం కల్లం కప్పి, అంచులమీద రాళ్లు పెట్టి ఉంటుంది. మిగతా సగం కాయ మీద మంచు దిగుతూ ఉంటుంది. "ఒక్క ఫోన్ చెయ్యలేకపోయావా?" అని మీరే ముందు కసరండి. జేబులో ఫోన్ తీసి మాత్రం చూపించకండి, ఏడు మిస్డ్ కాల్స్ ఉంటాయి.

పదిహేడూ తప్పకుండా పాటిస్తే ఫలితం ఖాయం. బుట్టలో చేప ఉండదు, కల్లంలో రంగు ఉండదు, కంచం ముందు మాట ఉండదు. పొద్దున్నే ముఠా మేస్త్రి వచ్చి, "నిన్న చేలో చూసేవాళ్లు లేక పండూ పచ్చీ కలిపి కోసేశారు పిల్లలు" అంటాడు. అప్పుడు కూడా నిబ్బరంగా ఉండండి. గట్టు మీద కూర్చుని సంపాదించిన నిబ్బరం ఇలాంటి పొద్దుటికే పనికొస్తుంది.

ఒక్క హెచ్చరిక చేసి ముగిస్తాను. పదకొండింటికి తెప్పెక్కి మూడింటికి దిగిపోయే సొసైటీ పెద్దాయన గురించి చెప్పాను కదా. అంత తొందరగా ఎక్కడికి పోతాడా అని ఒకరోజు వెంట వెళ్లి చూశాను. ఆయనకు ఎకరం కౌలు మిరప ఉంది. ఎండ వాలకముందే కల్లంలోకి వచ్చి, ఒక కొస తాను, రెండో కొస భార్య పట్టుకుని పట్టా కప్పేశారు. తెప్ప మీద తెచ్చిన బొచ్చె గట్టు దాటకముందే అమ్ముడైపోయిందట. ఇలాంటివాళ్ల వల్లే మనకు చెడ్డపేరు వస్తోంది. వాళ్లకు దూరంగా కూర్చోండి.